మన జంతువు – పొరుగువారి వాకిలి

కొన్ని నెలల క్రితం ఇబ్రహీంపట్నంలో జుమా నమాజ్ ముగిశాక ఒక పెద్దాయన మా పక్కన వచ్చి కూర్చున్నారు. సాగర్ రోడ్డుకు లోపలగా వెలసిన ఒక కొత్త వెంచర్‌లో ఆయన ఇల్లు కట్టుకున్నారు. ఇంటి ముందు ఉన్న కొంచెం జాగాలో గడ్డి పరిచి, నాలుగు పూలమొక్కలు పెట్టుకున్నారు. అసర్ తర్వాత అక్కడే చాప వేసుకుని ఖుర్ఆన్ పారాయణం చేయడం ఆయన అలవాటు. పక్కింటివారికి ఒక కుక్క ఉంది. పొద్దున్నే దాన్ని విప్పి వదులుతారు. అది నేరుగా వచ్చి ఈయన గడ్డిలోనే మలమూత్రాలు విసర్జిస్తుంది.

ఆయన మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు. ఆ గడ్డి మీద నమాజ్ చెల్లుతుందా? కుక్క తిరుగుతున్నందువల్ల మా ఇంటికి కారుణ్య దూతలు రాకుండా పోతారా? పక్కింటివారి మీద మేము ఏం చర్య తీసుకోవచ్చు?

మొదటి రెండింటికి అక్కడే సమాధానం చెప్పాము. మూడోదానికి ముందు మేమే ఆయన్ను ఒక మాట అడిగాము: "ఈ సంగతి మీరు వాళ్లకు చెప్పారా?" ఆయన కాసేపు ఊరుకుని, "మాకూ వాళ్లకూ మాటల్లేవు మౌల్వీ సాబ్" అన్నారు. కారణం అడిగితే మెల్లగా చెప్పారు. రెండేళ్ల క్రితం బక్రీద్ కోసం తెచ్చిన మేకపోతు తాడు తెంచుకుని పక్కింట్లో దూరింది. వాళ్ల తులసి కోటలోని మొక్కను మొదలంటా మేసింది. పక్కింటి తల్లి వచ్చి బాధపడితే, మన ఇంటివారు "నోరులేని జంతువమ్మా, దానికేం తెలుసు" అని నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాట ఆగిపోయింది.

ప్రియ పాఠకులారా! మేకకు నోరు లేనప్పుడు కుక్కకు మాత్రం నోరుందా? మన జంతువు తప్పు చేస్తే 'దానికేం తెలుసు' అంటాము. పొరుగువారి జంతువు అదే తప్పు చేస్తే 'వాళ్లకు బుద్ధి లేదా' అంటాము. ఇవి రెండు తూకాలు. తూకంలో మోసం చేసేవారికి వినాశం తప్పదని దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే (ముతఫ్ఫిఫీన్) హెచ్చరికగా మొదలవుతుంది. ఆ హెచ్చరిక అంగడి తరాజుకు మాత్రమే సంబంధించినదని అనుకోకూడదు. అందుకే ఈ నెల పాఠానికి ఈ విషయాన్నే ఎంచుకున్నాము.

పొరుగువాని స్థానం

అన్నిసా సూరా 36వ ఆయత్‌లో అల్లాహ్ తన ఆరాధన గురించి, తల్లిదండ్రుల గురించి ఆదేశించిన చోటే పొరుగువారి గురించీ ఆదేశించాడు. బంధువైన పొరుగువాడు, బంధువు కాని పొరుగువాడు, పక్కన ఉండే సహచరుడు – ముగ్గురినీ విడివిడిగా పేర్కొన్నాడు. పొరుగువాని హక్కు గురించి హజ్రత్ జిబ్రీల్ (అలై) పదే పదే తాకీదు చేస్తూ ఉంటే, చివరకు అతణ్ణి ఆస్తిలో వారసునిగా కూడా చేస్తారేమోనని తమకు అనిపించిందని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). ఎవని కీడు నుండి అతని పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో వాడు విశ్వాసి కాడని ఆయన మూడుసార్లు ప్రమాణం చేసి మరీ చెప్పారు (బుఖారీ).

ఇక్కడ 'పొరుగువాడు' అంటే ముస్లిం పొరుగువాడు మాత్రమే అని కొందరు అనుకుంటారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో ఒకసారి మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే, మన యూదు పొరుగింటికి మాంసం పంపారా లేదా అని ఇంటివారిని అడిగారు. ఆ వెంటనే జిబ్రీల్ (అలై) తాకీదుకు సంబంధించిన హదీసునే వినిపించారు (తిర్మిజీ, అబూదావూద్). ప్రవక్త (స) నోటి నుంచి ఆ హదీసును నేరుగా విన్న సహాబీ దాని భావాన్ని ఇలా గ్రహించారు. ఇక మనం దాన్ని కుదించడానికి వీలు లేదు.

కుక్కను పెంచడం – షరీఅత్ ఆదేశం

వేట కోసం, మందను కాయడానికి, పంటను కాపాడడానికి తప్ప, ఊరికే కుక్కను పెంచేవాని పుణ్యంలో నుంచి ప్రతి దినం కొంత భాగం తగ్గిపోతూ ఉంటుందని హదీసు (బుఖారీ, ముస్లిం). ఇంటి కాపలా కూడా ఈ అవసరాల వంటిదేనని అనేకమంది పండితులు ఖియాస్ చేశారు. కనుక వేట, మంద, పొలం, కాపలా – ఇవి అనుమతి ఉన్న అవసరాలు. సరదా కోసం, హోదా కోసం పడకగదిలో కుక్కను పెట్టుకోవడం ముస్లిం ఇంటికి తగదు.

అయితే దీని అర్థం కుక్క అసహ్యించుకోదగిన ప్రాణి అని కాదు. కహఫ్ సూరాలో గుహవాసులతో పాటు వారి కుక్కనూ అల్లాహ్ ప్రస్తావించాడు. అల్ మాయిదా సూరా 4వ ఆయత్‌లో శిక్షణ ఇచ్చిన వేట జంతువు పట్టి తెచ్చినదాన్ని ధర్మసమ్మతం చేశాడు. దాహంతో నాలుక చాపి తడిమట్టిని నాకుతున్న ఒక కుక్క కోసం ఒక మనిషి బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు నింపి పైకి తెచ్చి తాగించాడు. ఆ పనికి మెచ్చి అల్లాహ్ అతణ్ణి క్షమించాడు (బుఖారీ, ముస్లిం). ఒక పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన స్త్రీ ఆ కారణంగానే నరకానికి పోయిందని కూడా అదే దైవప్రవక్త (స) చెప్పారు. కాబట్టి పక్కింటి కుక్క వాకిట్లోకి వచ్చిందని రాళ్లు రువ్వడం, వేడినీళ్లు పోయడం, అన్నంలో విషం కలిపి పెట్టడం ఎంతమాత్రం తగదు. ఇది అల్లాహ్ వద్ద పాపం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దృష్టిలోనూ తప్పు. కొందరు పిల్లలు గేటు సందులోంచి పక్కింటి కుక్కను పుల్లతో గెలికి పారిపోతుంటారు. రేపు అది కరిస్తే తప్పు ఎవరిది? ఆ పిల్లలను వారించడం తల్లిదండ్రుల విధి.

నేల, గడ్డి పరిశుభ్రత

ఇప్పుడు పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న. హనఫీ ఫిఖహ్ ప్రకారం నేల మీద మూత్రం పడితే, అది ఎండిపోయి, మరక గాని వాసన గాని మిగలకపోతే ఆ నేల నమాజ్‌కు శుద్ధి అయినట్లే. నేలలో పాతుకుని ఉన్న గడ్డి, మొక్కలకు కూడా ఇదే ఆదేశం. తొందరగా శుద్ధి కావాలంటే నీళ్లు ధారగా పోయాలి. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలోనే మూత్రం పోస్తే, దైవప్రవక్త (స) అతణ్ణి మధ్యలో ఆపవద్దని వారించి, ఆ తర్వాత ఒక బొక్కెన నీళ్లు పోయించారు (బుఖారీ, ముస్లిం). మలం పడి ఉంటే మాత్రం ముందు దాన్ని ఎత్తివేయాలి. అనుమానం తీరకపోతే పైన జానమాజ్ పరుచుకుంటే సరిపోతుంది.

కుక్క ఒళ్లు పొడిగా ఉండి మన బట్టలకు తగిలితే బట్టలు అపవిత్రం కావు. దాని లాలాజలం మాత్రం అపవిత్రం. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగమని హదీసులో వచ్చింది. హనఫీ పండితుల వద్ద మూడుసార్లు తప్పనిసరి, ఏడుసార్లు ఉత్తమం.

ఇక రెండో ప్రశ్న. కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దూతలు ప్రవేశించరన్న హదీసు (బుఖారీ, ముస్లిం) ఇంట్లో దాన్ని ఉంచుకునేవారి గురించి వచ్చినది. పక్కింటి కుక్క మన ప్రమేయం లేకుండా వాకిట్లోకి వచ్చిపోతే దాని భారం మన మీద పడదు. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిద్ ఆవరణలో అటూ ఇటూ తిరిగేవని, అందుకోసం నీళ్లు కూడా చల్లేవారు కాదని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తెలిపారు (బుఖారీ). కాబట్టి ఈ విషయంలో లేనిపోని బెంగ పెట్టుకోవద్దు.

రాత్రివేళ పొలంలో పడిన గొర్రెలు

జంతువు ఒకరిది, నష్టం మరొకరిది అయినప్పుడు ఎలా తీర్పు చెప్పాలన్నది కొత్త సమస్య కాదు. అల్ అంబియా సూరా 78, 79 ఆయత్‌లలో సరిగ్గా ఇలాంటి వ్యాజ్యమే ఉంది. ఒకరి గొర్రెలు రాత్రివేళ మరొకరి పొలంలో పడి పైరు మేశాయి. తఫ్సీర్ గ్రంథాలలో వచ్చిన వివరణ ప్రకారం, హజ్రత్ దావూద్ (అలై) ఆ గొర్రెలను పొలం యజమానికి ఇప్పించాలని తీర్పు చెప్పారు. ఆయన కుమారుడు హజ్రత్ సులైమాన్ (అలై) మరో మార్గం చూపారు: గొర్రెలు కొంతకాలం పొలం యజమాని దగ్గర ఉండాలి, వాటి పాలు, ఉన్ని అతను వాడుకోవాలి, ఈలోగా గొర్రెల యజమాని ఆ పొలాన్ని సాగు చేసి, పైరును మునుపటి స్థితికి తేవాలి, ఆ తర్వాత ఎవరిది వారికి చేరాలి. ఆ వివేకాన్ని సులైమాన్‌కు తామే ప్రసాదించామని అల్లాహ్ తెలిపాడు. అదే సమయంలో ఇద్దరికీ జ్ఞానం, న్యాయం ఇచ్చామని ఇద్దరినీ గౌరవించాడు.

ఈ తీర్పులోని సూక్ష్మం గమనించండి. గొర్రెలను శిక్షించమని ఎవరూ అనలేదు. నష్టపోయినవాడు నష్టపోయాడు గనుక ఊరుకోవాలనీ అనలేదు. పాడుచేసిన జంతువు యజమానే తన చేతులతో దాన్ని బాగుచేయాలన్నారు. తాను చెమటోడ్చి బాగుచేసిన పొలంలోకి ఆ మనిషి మళ్లీ మందను తోలుతాడా?

దైవప్రవక్త (స) కాలంలో కూడా ఇలాంటిదే జరిగింది. హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఒంటె ఒక తోటలో పడి పాడుచేసింది. పగటిపూట తోటను కాపాడుకోవడం తోట యజమానుల బాధ్యత, రాత్రిపూట పశువులను కట్టి ఉంచుకోవడం పశువుల యజమానుల బాధ్యత, రాత్రి జరిగిన నష్టం పశువుల వారే భరించాలి అన్నది ఆ తీర్పు సారాంశం (అబూదావూద్, ఇబ్నుమాజా, మువత్తా). మన పల్లెల్లో పైరు మేసిన పశువును బందెలదొడ్డిలో పెట్టి, జరిమానా కడితేనే విడిచిపెట్టే పద్ధతి ఉండేది. దాని వెనుక ఉన్నదీ ఈ న్యాయమే: పశువు సొంతం చేసుకున్నవాడే దాని నష్టాన్నీ సొంతం చేసుకోవాలి.

చెప్పిన తర్వాత సాకు లేదు

జంతువు తానుగా చేసిన గాయానికి పరిహారం లేదన్న భావంలో ఒక హదీసు ఉంది (బుఖారీ, ముస్లిం). దీని ఆధారంగా హనఫీ పండితులు, యజమాని ప్రమేయం గాని నిర్లక్ష్యం గాని లేకుండా దానంతట అది తెంచుకుపోయిన జంతువు చేసిన నష్టానికి చట్టరీత్యా పరిహారం లేదన్నారు. ఇతర ఇమాములలో ఎక్కువమంది బరా (రజి) హదీసును అనుసరించి రాత్రి నష్టానికి పరిహారం ఉందన్నారు. మన పెద్దాయన ఇంటివారికి ఈ హనఫీ మాటే చాలా బాగా నచ్చింది. కాని దాని తర్వాతి మాట కూడా చదవాలి.

కరిచే అలవాటున్న కుక్క గురించి హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో ఒక నియమం ఉంది. జనం వచ్చి 'నీ కుక్క మమ్మల్ని బాధిస్తోంది' అని యజమానికి ముందుగా చెప్పి ఉంటే, ఆ తర్వాత అది చేసే నష్టానికి అతనే బాధ్యుడు. దీనికి వారు ఇచ్చిన పోలిక దారి మీదికి ఒరిగిన గోడ. గోడ ఒరిగిందని ఇరుగుపొరుగు వచ్చి చెప్పారు, యజమానికి దాన్ని దించే వ్యవధి కూడా దొరికింది, అయినా దించలేదు, అది ఒకరి మీద కూలింది. ఇక 'గోడ దానంతట అది కూలింది' అనే సాకు చెల్లదు.

సోదరులారా! ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన అసలు మాట ఇదే. జంతువుకు తెలియదు. యజమానికి కూడా తెలియకపోవచ్చు. కాని తెలియజేసిన క్షణం నుంచి అతని సాకు ముగుస్తుంది. అందుచేత నష్టపోయినవాని మొదటి బాధ్యత చెప్పడం. యజమాని మొదటి బాధ్యత వినడం. పెద్దాయన ఇంటివారు పక్కింటి తల్లి చెబితే వినలేదు. తర్వాత తమ బాధను ఆమెకు చెప్పనూ లేదు. రెండేళ్లపాటు రెండిళ్ల నడుమ నిలిచింది మేకా కాదు, కుక్కా కాదు. వినని ఒక మాట, చెప్పని మరొక మాట.

దేశ చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. తన దగ్గర ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం గాని, తీవ్రమైన గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2024 జూలై 1 నుంచి ఈ సంహిత అమలులో ఉంది.

మన వైపు లెక్క

మన ఇళ్లలో కుక్కలు తక్కువ. కాని మేకలు, కోళ్లు, పావురాలు తక్కువేమీ కాదు. బక్రీద్‌కు వారం ముందు నుంచే మేకపోతులు ఇళ్ల ముందు దిగుతాయి. వాటి పెంటికలు, మూత్రం, మేసి వదిలిన ఆకు పక్కింటి గడప దాకా పోతాయి. జనం నడిచే దారిలో, నీడపట్టున మలవిసర్జన చేసి శాపాలు కొనితెచ్చుకోవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). మనిషికి వర్తించిన ఆ హెచ్చరిక, అతను కట్టేసిన జంతువుకు వర్తించకుండా పోతుందా? దారిలో నుంచి బాధ కలిగించేదాన్ని తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటి (ముస్లిం). మరి దారిలో దాన్ని పడవేయడం దేని శాఖ అవుతుంది?

ఇంకొక సంగతి. ఎముకలు, పేగులు, రక్తం అంటిన సంచులు సందు చివర పడేస్తే వీధి కుక్కలు అక్కడే మకాం పెడతాయి. అవి అక్కడ నుంచి బడికి పోయే పిల్లల వెంట పడతాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. వీధి కుక్కలకు ఎక్కడ పడితే అక్కడ తిండి పెట్టకూడదని, అందుకు కేటాయించిన చోట్లలోనే పెట్టాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. దయతో పెట్టే తిండికే హద్దు ఉన్నప్పుడు, నిర్లక్ష్యంతో పారేసే ఎముకలకు హద్దు ఉండదా? ఖుర్బానీ వ్యర్థాలను లోతుగా గుంట తీసి పూడ్చాలి, లేదా పురపాలక సిబ్బందికి అప్పగించాలి.

కుక్క ఎవరిదైనా సరే, కరిచినా గీరినా గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లి పూర్తి చేయాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. తావీదు కట్టించుకుని టీకా మానుకోవడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) బోధన (తిర్మిజీ).

చెప్పే పద్ధతి

పొరుగువారికి చెప్పవలసి వస్తే ఎలా చెప్పాలి? కుక్క వచ్చిన క్షణంలో, కోపం మీద, వీధిలో నలుగురి ముందు కేకలు వేయకూడదు. సావకాశంగా ఉన్న వేళ ఇంటికి పోయి, సలాం గాని నమస్కారం గాని అందుకుని, ఇంటి యజమానితో ఒంటరిగా మాట్లాడాలి. 'మీ కుక్క' అని మొదలుపెట్టకుండా 'మాకు ఈ ఇబ్బంది ఉంది' అని మొదలుపెట్టాలి. మెత్తదనం దేనిలో ఉంటే దానికి అందం తెస్తుందని హదీసు (ముస్లిం).

ఒకసారి చెప్పినా వినకపోతే? ఒక వ్యక్తి తన పొరుగువాడు బాధిస్తున్నాడని దైవప్రవక్త (స) వద్ద మొరపెట్టుకున్నాడు. ఆయన మొదట సహనం వహించమని చెప్పి పంపారు. రెండు మూడుసార్లు వచ్చాక, ఇంటి సామాను తెచ్చి దారిలో పెట్టమన్నారు. వచ్చేపోయేవారు కారణం అడిగి తెలుసుకుని ఆ పొరుగువాణ్ణి నిందించసాగారు. అతను సిగ్గుపడి వచ్చి, ఇకపై బాధించనని మాట ఇచ్చి సామాను లోపలికి పెట్టించాడు (అబూదావూద్). అంటే ముందు సహనం, తర్వాత నలుగురు పెద్దల ముందు పెట్టడం. అది కూడా ఫలించకపోతేనే అధికారుల దగ్గరికి పోవాలి. మొదటి మెట్టే ఎక్కకుండా చివరి మెట్టు మీదికి దూకడం విశ్వాసికి తగదు.

తర్వాత ఏం జరిగింది?

మేము పెద్దాయనకు ఇదే చెప్పాము: "ముందు మీ మేక బాకీ తీర్చండి. ఆ తర్వాత వాళ్ల కుక్క సంగతి మాట్లాడుదురు గాని." ఆయన ఒక సందేహం వెలిబుచ్చారు. ఆ మొక్కకు వాళ్లు ఇచ్చే స్థానం మన విశ్వాసంలో లేదు కదా, దానికి క్షమాపణ అడగవచ్చా? మేము చెప్పాము: వారి ఆరాధన వారిది, మన విశ్వాసం మనది. కాని ఆ మొక్క వాళ్ల సొత్తు, వాళ్ల మనసు. ఒకరి సొత్తుకు మన జంతువు నష్టం కలిగిస్తే విచారం తెలిపి, వెల ఇస్తామనడం విశ్వాసంలో రాజీ పడడం కాదు. అది హఖూఖుల్ ఇబాద్, దాసుల హక్కు. అల్లాహ్ తన హక్కును క్షమిస్తాడు గాని, దాసుని హక్కును ఆ దాసుడే క్షమించాలి.

ఆదివారం నాడు ఆయన భార్యను వెంటబెట్టుకుని పక్కింటికి పోయారు. పక్కింటివారు డబ్బు పుచ్చుకోలేదు. "ఆ రోజే ఈ మాట అని ఉంటే అయిపోయేది కదా భాయ్" అన్నారట. టీ తాగి లేచేటప్పుడు కుక్క సంగతి వాళ్లే ఎత్తారు. ఇప్పుడు పొద్దున్నే వాళ్ల కుర్రవాడు కుక్కకు గొలుసు వేసి బయటికి తీసుకుపోతున్నాడు. ఒక్కోసారి అది పాత అలవాటు కొద్దీ ఇటే లాగుతుంది. కాని కుర్రవాని చేతిలో ఒక సంచి, రేకు చిప్ప ఉంటున్నాయి. వచ్చే బక్రీద్‌కు మేకపోతును పెరట్లో గుంజకు రెండు తాళ్లతో కడతానని పెద్దాయన మాతో అన్నారు.

కనుక ప్రతి ఇల్లూ ఈ నాలుగు మాటలు పాటించాలి. జంతువును పెంచేవాడు దాన్ని కట్టి ఉంచాలి, బయటికి తీసుకుపోయినప్పుడు అది చేసిన మురికిని తానే ఎత్తాలి. కాపలా కుక్క ఉన్నవారు ఏటేటా దానికి రేబిస్ టీకా వేయించాలి, రాత్రంతా మొరుగుతూ ఉంటే పట్టించుకోవాలి. పొరుగువారు వచ్చి చెబితే సాకులు వెతకకుండా వినాలి. పొరుగువారికి చెప్పబోయే ముందు, వాళ్లకు మన బాకీ ఏమైనా ఉందేమో చూసుకోవాలి.

ఒక స్త్రీ నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలు బాగా చేసేది, కాని నోటితో పొరుగువారిని బాధించేది. ఆమె నరకవాసి అని దైవప్రవక్త (స) చెప్పారు. నఫిల్ ఆరాధనలు తక్కువగానే ఉన్నా పొరుగువారిని బాధించని మరొక స్త్రీ స్వర్గవాసి అన్నారు (ముస్నద్ అహ్మద్). ఈ రెండిళ్లలో మనది ఏదో మన పొరుగువారిని అడిగితే తెలుస్తుంది.

అల్లాహ్ మనందరికీ ఒకే తూకంతో తూచే న్యాయబుద్ధిని, పొరుగువారి హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.